పాచికి గంజి పోసిన వడ్డనమ్మ

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ మాట పుట్టే నాటికి వడ్డనమ్మ ఇంకా పుట్టి ఉండదు. అడగకపోయినా పెట్టే మనిషి ఆమె. వద్దన్నా పెడుతుంది. కంచం మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి పెడుతుంది. చిన్నప్పుడు చెల్లెళ్లకీ తమ్ముళ్లకీ పెట్టడం అయిపోయాక, ఇంకా ఎవరైనా మిగిలారేమోనని ఇల్లంతా వెతికి, అద్దంలో ఒక పిల్ల తన వంకే చూస్తూ నిలబడి ఉంటే ఆ పిల్ల నోటికి కూడా ఒక ముద్ద అంటించిందట. ఆ మెతుకులు ఎండి, అద్దానికి చాలాకాలం అతుక్కునే ఉన్నాయి. వాళ్లమ్మ తల దువ్వుకుంటూ, "అద్దానికి అన్నం పెట్టిన పిల్ల రేపు గోడకి కాఫీ పోస్తుంది" అనేది.

ఆవిడ మాట కొద్దిలో తప్పింది. గోడ కాదు, నీళ్లు. కాఫీ కాదు, గంజి.

బట్టలకు రంగులద్దే మిల్లులో ఆమె క్యాంటీన్ వంటమనిషి. అసలు పేరు జీతమిచ్చే వాళ్లకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. మధ్యాహ్నం గంట కొట్టగానే రంగుల షెడ్డులోంచి చేతులు వచ్చేవి. నీలం చేతులు, ఎర్ర చేతులు, మోచేతి దాకా పసుపు చేతులు. ఇంద్రధనుస్సు ఆకలేసి కిందికి దిగి వరసలో నిలబడినట్టుండేది. ఆమె ముఖాలు చూసేది కాదు, కడుపులు చూసేది. లోపలికి పోయిన కడుపుకి రెండు గరిటెలు, బయటికొచ్చిన కడుపుకి కూడా రెండు గరిటెలు. కడుపు చూడటమైతే చూసేది గాని, దాని వల్ల వడ్డనలో తేడా ఏమీ ఉండేది కాదు.

ఒక్క నియమం మాత్రం ఎన్నడూ తప్పలేదు. ఏది వడ్డించినా ముందు గరిటె కొసతో ఒక్క చుక్క ఎడమ అరచేతిలో వేసుకుని, నాలుకతో తాకి, ఉప్పు చూసేది. ఉప్పు చూడనిది ఇంకొకరి కంచంలో వేయడం, వాళ్ల వెనకాల గొయ్యి తవ్వడం లాంటిదే ఆమె లెక్కలో.

తర్వాత మిల్లుకి కొత్త మేనేజరు వచ్చాడు. కొత్తవాడంటే పూర్తిగా కొత్త కాదు, ఇదే మిల్లులో గుమాస్తాగా చేరి ఆమె చేతి వంట తిని లావెక్కి పైకొచ్చినవాడే. పైనుంచి వచ్చిన ఆజ్ఞ ప్రకారం క్యాంటీన్ మూసేశాడు. భోజనాలు ఇక బయటినుంచి, మూతలు అతికించిన డబ్బాల్లో వస్తాయి. పొయ్యి చల్లారింది. పెద్ద గిన్నెలు బోర్లించారు. వడ్డనమ్మ తన పొడుగు కాడ గరిటె ఒక్కటి చీర కొంగులో చుట్టుకుని ఇంటికి వెళ్లింది.

ఇంట్లో ఏముంది? ఆకలి లేదు.

ఆమె భర్త దర్జీ. కుట్టుమిషను ముందు వంగి వంగి ఆయన మనిషే ఒక మడతలా అయ్యాడు. ఒంట్లో చక్కెర చేరిందని డాక్టరు తిండి తగ్గించమన్నాడు. ముందే పిచ్చుక తిండి, ఇప్పుడు ఆ పిచ్చుకకి కూడా పథ్యం. కూతురు జుట్టు కత్తిరించే దుకాణంలో పనిచేస్తుంది. అద్దాల మధ్య పొద్దస్తమానం నిలబడటం వల్ల తన నడుము తనకే నాలుగు వైపుల నుంచీ కనపడుతుంది. అందుకని ఆకులు తింటుంది.

వడ్డనమ్మ చేతికేమో పిడికెడు వండటం రాదు. వందమందికి ఎసరు పెట్టిన చెయ్యి అది. ముగ్గురికి అని మొదలుపెడితే ముప్ఫై మందికి దగ్గర ఆగుతుంది.

"అమ్మా, ఈ గిన్నెలో నేను కూర్చుని స్నానం చెయ్యొచ్చు" అనేది కూతురు.

"చెయ్యి. స్నానం చేసినప్పుడైనా ఒంటికి కాస్త పడుతుంది."

"ఏమే, నాకు చాలు" అనేవాడు భర్త.

"ఇంకా పెట్టందే!"

"చూశాను కదా. చాలు."

ఇలా చూపులతోనే కడుపు నింపుకునే ఇంట్లో ఆమె కొన్ని వారాలు గడిపింది. మిగిలిన అన్నం వంక, వార్చిన గంజి వంక చూస్తూ కూర్చునేది. గంజి మీద మీగడ కట్టేది. ఆ మీగడ మీద కిటికీ, కిటికీలో ఆకాశం, అందులో ఎవరూ లేరు.

అప్పుడు మిల్లు నుంచి కబురొచ్చింది, వేరే పని ఉంది రమ్మని.

మిల్లు వెనక, పాత బాయిలరు గది పక్కన, మూడు తొట్లు కట్టారు. గాజులా కనపడే ప్లాస్టిక్ గోడలు, మీద వల. లోపల ఆకుపచ్చ నీళ్లు. అడుగు నుంచి గాలి మోటారు బుడగలు వదులుతూ ఉంటుంది. పొద్దుటెండ పడిందంటే ఆ మూడు తొట్లూ మూడు కిటికీల్లా వెలుగుతాయి, అవతల ఇంకో ప్రపంచంలో ఎప్పుడూ వసంతమే అన్నట్టు.

వాటిని పెట్టించింది ఒక కుర్ర ఇంజనీరు. ఎప్పుడూ కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉంటాడు గనక అందరూ అతన్ని అద్దాలబాబు అనేవారు. అతను ఆమెకు పని అప్పగించాడు. "రంగు గుడ్డని పట్టుకోవాలంటే ఉప్పు కావాలి పెద్దమ్మా. అచ్చులు వేయడానికి యూరియా. పని అయ్యాక అదంతా నీళ్లలోనే కదా పోతుంది. ఆ నీళ్లు బయట వదిలితే నేల చౌడు బారుతుంది, చెరువులు కుళ్లిపోతాయి. అందుకని ముందు వీటికి ఇస్తున్నాం. ఇది సన్న నాచు. ఒక్కొక్కటి కంటికి కనపడదు. యూరియా లాంటివి లాక్కుంటుంది, వాటితో పాటు కొంత ఉప్పూ లాక్కుంటుంది. మిగిలిన నీళ్లు తోటకి పెట్టుకోవచ్చు."

"మొత్తం ఎంతమంది ఉంటారు?" అంది వడ్డనమ్మ.

"ఎవరు?"

"లోపల."

అద్దాలబాబు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "కోట్లల్లో."

వడ్డనమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. క్యాంటీన్‌లో అన్ని షెడ్డులూ కలిపినా కొన్ని వందలు దాటేవి కావు. "కోట్ల మందికి వంట ఎవరు చేస్తున్నారు బాబూ?"

అతను పకపకా నవ్వాడు. జోక్ అనుకున్నాడు.

గోడలకు పట్టిన పాచిని పొడుగు బ్రష్షుతో తోమాలి, మోటారు ఆగితే చెప్పాలి, వల మీద ఆకులు తీసెయ్యాలి. చెయ్యాల్సినవన్నీ చెప్పాడు. చెయ్యకూడనిది చెప్పలేదు. తొట్టికి తిండి పెట్టకు అని ఎవరు మాత్రం ఎందుకు చెబుతారు? కుర్చీకి దుప్పటి కప్పొద్దని చెబుతామా?

మొదటి వారం అంతా బాగానే గడిచింది. ఆమె తొట్లకు పెద్దోడు, నడిపోడు, చిట్టోడు అని పేర్లు పెట్టింది. మిల్లు నీళ్లు వదిలిన రోజున ముగ్గురూ ముదురు పచ్చగా కళకళలాడారు. రోజులు గడిచేకొద్దీ లోపలున్నదంతా లాక్కుని, ఇక లాక్కోవడానికి ఏమీ మిగలక, పసుపు వైపు తిరగసాగారు. అద్దాలబాబు ఉప్పూ యూరియా కొలిచే పుల్ల ముంచి, "ఉప్పు కొంచెం తగ్గింది! యూరియా అయితే దాదాపు లేదు! రంగు మారుతోంది చూశారా? బ్రహ్మాండం!" అని గంతులేశాడు.

వడ్డనమ్మ రంగు మారడం చూసింది. ఆమెకు బ్రహ్మాండంగా ఏమీ కనపడలేదు. చిట్టోడి ముఖం పీక్కుపోయింది. ప్లాస్టిక్ గోడ మీద చెయ్యి ఆనించింది. అవతలినుంచి సన్నటి వణుకు అరచేతికి తగిలింది. మోటారు వణుకే అది. కాని ఆకలితో ఉన్నవాళ్ల వణుకు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఇదీ అలాగే ఉంది.

ఆ మర్నాడు క్యారేజీలో గంజి తెచ్చింది. ఉప్పు వేసిన గంజి. ఉప్పు లేని గంజి పగవాడికి కూడా పొయ్యదు ఆమె. అరచేతిలో చుక్క వేసుకుని రుచి చూసింది, సరిపోయింది. వల పక్కకు జరిపి తొట్టికొక గరిటె పోసింది. ఆకుపచ్చలో తెల్లటి మబ్బు ఒకటి విచ్చుకుని, బుడగల్లో కాసేపు తిరిగి, మాయమైంది.

"తిన్నారు" అంది వడ్డనమ్మ. క్యాంటీన్ మూసేశాక ఆ రోజే ఆమె ఇంటికి వెళ్తూ కూనిరాగం తీసింది.

ఒక గరిటెతో కోట్ల మందికి ఏమవుతుంది? మర్నాడు రెండు గరిటెలయ్యాయి. తర్వాత చెంబు, తర్వాత బకెట్. బట్టలు మడతపెట్టే ఆడవాళ్లు డబ్బా భోజనంలో మిగిలిన పులుసు తెచ్చి, "వదినా, ఇది కూడా పొయ్యి, పాపం" అనేవారు. ఆమె అందులోనూ ఉప్పు చూసేది. చప్పగా ఉంటే కాస్త కలిపేది. మిల్లు తోటమాలి అయితే మరీ ఉత్సాహంగా తెల్లటి గుళికలు పిడికెడు పట్టుకొచ్చాడు.

"ఏంటి తమ్ముడూ ఇది?"

"బలం మందక్కా. నా గులాబీలకు వేస్తాను. మీవాళ్లు నీరసంగా ఉన్నారన్నావుగా."

"పడుతుందా వీళ్లకి?"

"పచ్చగా ఉండే ఎవరికైనా పడుతుందక్కా."

పడింది. పెద్దోడూ నడిపోడూ చిట్టోడూ పచ్చలకే పచ్చగా, గోడలు కనపడనంత చిక్కగా పెరిగారు. దారిన పోయేవాళ్ల ముఖాల మీద పచ్చ నీడ పడేది. బాయిలరు గది గోడ మీద కూర్చునే తెల్ల పిల్లి లేత చిలక రంగులో కనపడేది. వాళ్లని చూస్తే వడ్డనమ్మకు కళ్లు నిండేవి, కడుపు నిండేది.

అద్దాలబాబుకి మాత్రం బుర్ర తిరిగిపోయింది. మిల్లు నుంచి వచ్చే నీళ్లలో ఉన్నదానికంటే తొట్లలోంచి బయటికొచ్చే నీళ్లలో ఉప్పు ఎక్కువ. యూరియా ఎక్కువ. అసలు మిల్లు వాడనివి కూడా అందులో ఉన్నాయి. పుల్ల చెడిపోయిందని ఇంకోటి తెప్పించాడు. అదీ అదే మాట చెప్పింది. అతను నిద్ర మానేశాడు, తిండి మానేశాడు. తిండి మానేసిన సంగతి ఒక్క వడ్డనమ్మే గమనించింది.

మేనేజరు వచ్చాడు. పొట్ట ముందు, ఆయన వెనక. "ఏంటయ్యా ఇది? మురికి నీళ్లు పోస్తే మంచినీళ్లు వస్తాయన్నావు. మురికి నీళ్లు పోస్తే ఇంకా మురికి నీళ్లు వస్తున్నాయి. ఇంతమాత్రం దానికి పాచి ఎందుకు, మనుషులం సరిపోమా?"

"ఎవరో ఏదో కలుపుతున్నారు సార్. కావాలనే."

"ఎవరు?"

"రంగుల మేస్త్రి మీద అనుమానం సార్. మొన్న నా ముందే 'పాచికి ఇంత మర్యాదా' అన్నాడు."

మేనేజరు బొటనవేలు బెల్టులో దోపుకుని ఆలోచించాడు. "చూడు. వచ్చే సోమవారం కొత్త నీళ్లు వదులు. అవి ఆఖరు. పరీక్షలో నెగ్గితే సరే. లేదంటే ఈ పాచి మొత్తం కాలవలో పారబోసి, తొట్లు బ్లీచింగ్ పౌడరేసి కడిగించి, ఇక్కడ సైకిల్ స్టాండు పెడతాను. నువ్వు మీ ఊరికి, ఈమె ఈమె ఇంటికి." తల తిప్పి వడ్డనమ్మను చూశాడు. "ఈలోగా ఆ దొంగని పట్టుకోవాలి. నువ్వెలాగూ ఇక్కడే ఉంటావు. నువ్వే కాపలా."

ఆమెకు ఒక కుర్చీ ఇచ్చారు. మెడలో వేసుకోవడానికి ఒక ఈల ఇచ్చారు. దొంగ కనపడిన మరుక్షణం ఊదాలి.

బ్లీచింగ్ పౌడరు అన్న మాట వడ్డనమ్మ చెవిలో పడిన దగ్గర్నుంచి ఆమె మనసు మనసులో లేదు. పొయ్యి చల్లారిన రోజు గుర్తొచ్చింది. అప్పుడు గిన్నెలు బోర్లించారు. ఇప్పుడు పిల్లల్నే బోర్లిస్తారట. ఎవడా దొంగ? దొరకనీ, గరిటె కాడ విరిగేదాకా వదలను అనుకుంది.

చాలా నిష్ఠగా కాపలా కాసింది. కొత్త నీళ్లు వదిలిన దగ్గర్నుంచి కుర్చీ కదల్లేదు. పొద్దున్నే వచ్చి, చుట్టూ చూసి, దొంగ లేడని నిర్ధారించుకుని, అప్పుడు గంజి పోసేది. పోస్తున్నంతసేపూ దొంగ వస్తాడేమోనని ఒక కన్ను దారి మీదే. తోటమాలి గుళికలతో వస్తే ముందు ఈల ఊదేది. "నేనక్కా!" అంటే, "నువ్వా, వెయ్యి వెయ్యి" అనేది. రంగుల మేస్త్రి ఆ చుట్టుపక్కలకి వచ్చినా ఊదేది. ఆయన పాపం బాయిలరు గది వెనక చుట్ట కాల్చుకోవడానికి వచ్చేవాడు. ఈల దెబ్బకి చుట్టే మానేశాడు.

"బయటివాళ్లెవరైనా వచ్చారా పెద్దమ్మా?" అని అడిగేవాడు అద్దాలబాబు.

"పురుగు కూడా రాలేదు బాబూ."

ఇందులో అబద్ధమేమీ లేదు.

ఆ పై వారం బుధవారం మధ్యాహ్నం అద్దాలబాబు పుల్ల ముంచి చూసి, వచ్చి ఆమె కుర్చీ పక్కన మెట్టు మీద కూలబడ్డాడు. చేతిలో అతికించిన మూత అలాగే ఉన్న భోజనం డబ్బా. కళ్లద్దాలు తీసేసినందువల్ల అతని ముఖం మరీ చిన్నదిగా, బడి నుంచి ఏడుస్తూ వచ్చినవాడి ముఖంలా ఉంది.

"తిను బాబూ. ముందు రెండు ముద్దలు తిను."

"ఆకలి లేదు పెద్దమ్మా. నా ఆకలి పోతే పోయింది, వీటికి కూడా పోయింది. అదే అర్థం కావట్లేదు."

"ఎవరికి?"

"నాచుకి. ఇది ఆకలి మీద ఉంటేనే మన పని. మిల్లు నీళ్లలో ఉన్నది తప్ప వేరే గతి లేదనుకున్నప్పుడే అది పట్టి లాగుతుంది. యూరియా లాగుతుంది, ఉప్పు కొంత లాగుతుంది. చివర్లో పాలిపోతుంది చూడండి, అప్పుడు తెలుస్తుంది నీళ్లు బాగుపడ్డాయని. పాలిపోవడమే మన గెలుపు. మనకి దొరకని ఆ మనిషెవరో గాని దానికి హాయిగా ఇంకేదో పెడుతున్నారు. కడుపు నిండినదానికి ఈ మురికి నీళ్లతో పనేముంది?"

వడ్డనమ్మ నిటారుగా కూర్చుంది. ఇంతసేపూ ఇది రసాయనాల గొడవ అనుకుంది. ఇది తిండి గొడవ. తనకు తెలిసిన గొడవ.

"అంటే భోజనానికి ముందు చిరుతిండి పెడుతున్నారన్నమాట!"

"అంతే పెద్దమ్మా! సరిగ్గా అంతే!"

"బుద్ధుందా ఆ మనిషికి?" ఆమె లేచి నిలబడింది. మెడలో ఈల ఊగింది. "కంచం ముందుకి వచ్చే పిల్లాడి చేతిలో ముందే బెల్లం ముక్క పెడితే వాడేం తింటాడు? గడ్డి తింటాడా? అన్నం వండినవాళ్లు ఏమైపోవాలి? ప్రేమనుకుంటారు బాబూ ఇలాంటివాళ్లు, ప్రేమ కాదది! పిల్లల్ని పాడు చెయ్యడం! ఇలాంటివాళ్లని నేను ఎంతమందిని చూళ్లేదు! కొంగు చాటున పట్టుకొస్తారు, ఎవరూ చూడకుండా నోట్లో..."

చెయ్యి కొంగు మీద పడింది.

కొంగు చాటున క్యారేజీ ఉంది. ఈ రోజు ఇంకా పొయ్యనిది. ఇంకా వెచ్చగా ఉంది.

ఆమె తొట్టి వైపు తిరిగింది. చిక్కటి పచ్చదనంలో ఆమె ముఖం కనపడింది. ఎవరో పిల్ల అద్దంలోంచి తన వంకే చూస్తున్నట్టు, మూతికి ఎండిన మెతుకులతో.

వడ్డనమ్మ ఈల నోట్లో పెట్టుకుంది. ఊపిరంతా కూడదీసి ఊదింది.

మిల్లు మొత్తం కదిలింది. వాచ్‌మన్ లాఠీతో, తోటమాలి పారతో, మడతపెట్టే ఆడవాళ్లు చేతిలో ఉన్న దుప్పట్లతో పరిగెత్తుకొచ్చారు. అందరికంటే వెనక మేనేజరు, పొట్టని పట్టుకుని.

"దొంగ దొరికాడా?"

"దొరికింది సార్" అంది వడ్డనమ్మ.

"ఏడీ? ఎక్కడ?"

"ఇక్కడే."

వాచ్‌మన్ కుర్చీ కింద చూశాడు. బాయిలరు గది వెనక చూశాడు. అక్కడ రంగుల మేస్త్రి రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు, చాలా రోజుల తర్వాత ఆ పూటే చుట్ట వెలిగించుకున్నాడు పాపం.

"ఆయన కాదు. నేను."

"నువ్వు పట్టుకున్నావు, తెలిసింది. ఎవర్ని పట్టుకున్నావు?" అన్నాడు మేనేజరు రొప్పుతూ.

"నన్నే సార్. కాపలా ఉన్నాను కదా. దొరికాను."

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అన్నాడు వాచ్‌మన్ లాఠీ దించుతూ. "ఈమె పట్టేసింది!"

"కంచే చేను మేసిందన్నమాట" అన్నాడు మేనేజరు.

"మెయ్యలేదు సార్. మేపింది" అన్నాడు తోటమాలి. చేతిలో గుళికలు ఇంకా ఉన్నాయని గుర్తొచ్చి పిడికిలి జేబులో పెట్టుకున్నాడు.

మేనేజరు చాలా కోపం తెచ్చుకోవాలని చూశాడు. "ఇంతకీ ఏం పోశావు?"

"గంజి సార్."

"ఒట్టి గంజేనా?"

"ఉప్పేసి."

"ఉప్పు తియ్యడానికి పెట్టిన తొట్లలో ఉప్పేసి పోశావా!"

"ఉప్పెయ్యకుండా ఎలా పొయ్యను సార్?" అంది ఆమె, నిజంగా అర్థం కాక.

ఆయన నోరు తెరిచాడు. ఆ నోటికి గుమాస్తాగా ఉన్నప్పటి రుచులు కొన్ని గుర్తొచ్చినట్టున్నాయి. "అదీ నిజమేలే" అన్నాడు మెల్లగా. వెంటనే సర్దుకుని, "అయినా పరీక్ష పరీక్షే. పాచిని ఉంచి, ఇప్పుడున్న నీళ్లు పారబోసి మళ్లీ కొత్త నీళ్లు వదులు. ఇదే ఆఖరు. పాలిపోయాయా, నువ్వుంటావు. లేదా, సైకిల్ స్టాండు" అని వెనుదిరిగాడు.

ఆడవాళ్లు దుప్పట్లతో కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయారు. నవ్వుతో వచ్చిన నీళ్లో, ఇంకెందుకో. మేస్త్రి చేతులు దించమని ఎవరూ చెప్పకపోవడంతో ఇంకాసేపు అలాగే ఉన్నాడు.

వడ్డనమ్మ గరిటె తీసి తోటమాలి చేతిలో పెట్టింది. "నీ దగ్గర దాచు తమ్ముడూ. నేనడిగినా ఇవ్వకు."

అడిగింది. రెండో రోజే అడిగింది.

"ఇవ్వనక్కా."

"ఊరికే పట్టుకుని ఇచ్చేస్తాను."

"ఇవ్వను."

"నా గరిటె నాకివ్వడానికి నువ్వెవడివిరా?"

"నువ్వే చెప్పావుగా!"

"నేను చెప్తే వినేవాడివా? మిల్లులో ఎవడి మాటా విననివాడివి, నా మాట ఒక్కటే దొరికిందా వినడానికి?"

పిల్లలకు పెట్టకుండా ఉండటం ఆమెకు రాని పని. పుట్టాక మొదటిసారి నేర్చుకుంటోంది. చేతులు ఊరికే ఉండవు కాబట్టి వాటిని ఒళ్లో పెట్టుకుని వాటి మీద కూర్చున్నంత పని చేసింది. కుర్చీ తిప్పుకుని, తొట్లకు వీపు పెట్టింది. వీపుకి కూడా కళ్లుంటాయని అప్పుడు తెలిసింది. వెనక పచ్చదనం రోజురోజుకీ పలచనవుతోంది, గోడ మీద పడే నీడ లేతబడుతోంది. పిల్లి మళ్లీ తెల్లబడింది. మడతపెట్టే అమ్మాయొకతె పులుసు డబ్బాతో వచ్చి, "వదినా, పాపం..." అనగానే ఆమె ఊదిన ఈలకి అవతలి వీధిలో బస్సు ఆగింది.

"పాపం లేదు పుణ్యం లేదు, ఫో! వాళ్లు పనిలో ఉన్నారు."

ఇంట్లో కూడా ఆమె చేతులు అలిసిపోయాయి. గరిటె లేదు, మనసు లేదు. గిన్నె బల్ల మీద పెట్టి, ఎవరికీ వడ్డించకుండా, ఎవరినీ తినమనకుండా, కిటికీ వైపు తిరిగి కూర్చునేది. మొదటి రోజు దర్జీ, కూతురు హమ్మయ్య అనుకున్నారు. రెండో రోజు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూడో రోజు కూతురు తల్లి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"అమ్మా, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉన్నాను."

"మరి నన్ను తిట్టవేం? నేను పొద్దున్నించి మూడు ఆకులే తిన్నాను."

"నీ ఇష్టం."

కూతురు భయపడిపోయి ఒక ముద్ద తినేసింది. అప్పుడు మిషను దగ్గర్నుంచి దర్జీ లేచాడు. మడత విప్పుకున్నట్టు మెల్లగా నిలబడి, కంచం పట్టుకుని వచ్చి, గొంతు సవరించుకున్నాడు.

"ఏమే. ఇంకొంచెం ఉందా?"

వడ్డనమ్మ తల తిప్పింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ మనిషి నోట ఆ మాట వినలేదు. ఎప్పుడు వింటుంది? అతను అడిగే లోపల ఆమె పెట్టేసేది. అడగటానికి ఆకలి వేయాలి, ఆకలి వేయటానికి కాస్త ఖాళీ కావాలి. ఆ ఖాళీని ఇన్నేళ్లూ ఆమె గరిటెతో నింపేస్తూ వచ్చింది. డాక్టరు మాట గుర్తుంచుకుని ఒక్క ముద్దే పెట్టింది. అది ఆయన చివరి మెతుకు దాకా తిని కంచం అలాగే పట్టుకుని నిలబడ్డాడు, వెళ్లాలని లేనట్టు.

పరీక్ష రోజు పొద్దున అద్దాలబాబు గాలి మోటారు ఆపాడు. బుడగలు ఆగాయి. అంత నిశ్శబ్దం ఆ చోట ఎప్పుడూ లేదు. కోట్ల మంది ఒకేసారి పని ఆపి, అలసిపోయి, మెల్లగా కిందికి దిగి కూర్చుంటున్నట్టు నాచు అడుగుకి చేరసాగింది. పైన నీళ్లు తేటపడుతూ వచ్చాయి. మధ్యాహ్నానికి, తొట్టికి ఇవతల నిలబడ్డ వడ్డనమ్మకు అవతల గోడ మీద ఆనించిన తోటమాలి చెయ్యి కనపడింది. గీతలతో సహా కనపడింది. ఆ చేతిలో గరిటె కూడా కనపడింది.

మేనేజరు వచ్చాడు. అద్దాలబాబు పుల్ల ముంచాడు. పుల్ల తొట్టి గోడకి కొట్టుకుని టకటకమంది. చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"యూరియా లేదు సార్. దాదాపు లేదు."

"ఉప్పో?"

"పూర్తిగా పోలేదు సార్. పూర్తిగా పోతుందని నేనెప్పుడూ చెప్పలేదు. కాని బాగా తగ్గింది. మామూలు నీళ్లు కాస్త కలిపి తోటకి పెట్టొచ్చు."

మేనేజరు తోటమాలి వంక చూశాడు. తోటమాలి నీళ్లలో వేలు ముంచి, వేలి వంక చూసి, చాలా పెద్దమనిషిలా, "గులాబీలకి ఆ మాత్రం ఉప్పుంటేనే పౌరుషం సార్" అన్నాడు.

సైకిల్ స్టాండు గేటు దగ్గర పెట్టుకుందామని తేలింది.

తేట నీళ్లు పైపులోంచి తోటకి వెళ్లిపోయాయి. తొట్లలో అడుగున కాస్త పసుపు పచ్చటి బురద మిగిలింది. పాలిపోయి, చిక్కిపోయి, గెలిచి. వడ్డనమ్మ చిట్టోడి గోడకి నుదురు ఆనించింది. "ఇప్పుడు పెట్టొచ్చా బాబూ?" అంది.

"పెట్టండి పెద్దమ్మా" అన్నాడు అద్దాలబాబు. "ఇప్పుడు పెట్టాల్సిందే."

రంగుల షెడ్డు నుంచి వచ్చిన పైపుకి ఒక చక్రం ఉంది, దాన్ని తిప్పితే మిల్లు నీళ్లు పడతాయి. ఇన్నాళ్లూ దాన్ని అతనే తిప్పేవాడు. ఈసారి పక్కకు జరిగాడు. ఆమె మాత్రం చక్రం ముట్టుకోలేదు. తోటమాలి చేతిలోంచి గరిటె లాక్కుని, పైపు కింద ఉన్న బకెట్లో ముంచింది. నీలం, ఎరుపు, పసుపు కలిసి ఇంకే రంగూ కాని నీళ్లు. వరసలో నిలబడిన ఆ చేతులన్నీ కడుక్కున్న నీళ్లు. మొదటి గరిటె తన చేత్తోనే వడ్డించాలి.

గరిటె పైకెత్తింది. ఎన్నో ఏళ్ల అలవాటు, ఎడమ అరచెయ్యి తనంతట తానే ముందుకొచ్చింది. గరిటె కొస నుంచి ఒక చుక్క జారి అందులో పడింది. అరచెయ్యి నోటి దాకా వెళ్లింది.

"పెద్దమ్మా!" అని అద్దాలబాబు అరిచాడు. తోటమాలి "అక్కా!" అని, మేనేజరు "ఏయ్!" అని అరిచారు. మళ్లీ పైకెత్తిన చేతులతో రంగుల మేస్త్రి కూడా ఎక్కణ్నుంచో ఏదో అరిచాడు.

ఆమె ఆగింది. అరచేతిలో చుక్క వంక చూసింది. దాంట్లో ఎండ, ఎండలో ఒక చిన్న రంగుల షెడ్డు. తర్వాత చెయ్యి చీరకు తుడిచేసుకుంది. ఉప్పు చూడకుండా, పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి, ఒక గరిటె నీళ్లు చిట్టోడిలో వంచింది.

అడుగున ఏదో కదిలినట్టయింది. లేతగా, పొగలా, ఒక పచ్చదనం పైకి లేచింది.

"ఉప్పెంతుందో నాకు తెలీదు నాయనా" అంది వడ్డనమ్మ తొట్టి మీదికి వంగి. "ఎక్కువైతే మీరే చూసుకోండి."

ఆ పైన చక్రం తిప్పింది.